కట్టుడు పళ్లు – కలిసి భోజనము

(నందిపేట్‌లో పెద్దల కూడిక యెదుట చేసిన ప్రసంగ పాఠము)





ఈ శతాబ్ది సంవత్సరమున మన పెద్దలు గుడులను గూర్చి, బడులను గూర్చి, ఆస్పత్రులను గూర్చి ఎన్నో మంచి సంగతులు చెప్పారు. మాకు అప్పగించిన అంశము మాత్రము రాత్రిపూట ఒక గ్లాసు నీళ్లలో పట్టేటంత చిన్నది. కట్టుడు పళ్లను గూర్చి మాట్లాడమని ఈ కూడిక నడిపించే పెద్దాయన అడిగినప్పుడు మేము నవ్వాము. ఆయన నవ్వలేదు. "అయ్యగారూ, మీరు నవ్వుతున్నరు గాని మా కూడికకు వచ్చేటోళ్లల్ల సగం మంది నోరు తెరిచి నవ్వరు. ఎందుకో అడిగిండ్రా?" అన్నాడు. ఆ మాట మమ్మును తాకింది. ఎందుకంటే మేమును నోటికి చేయి అడ్డము పెట్టుకొని నవ్విన వారమే. ఈ సంగతి మీలో కొందరికి తెలుసు, కొందరికి తెలియదు. ఈరోజు అందరి యెదుట చెప్పుకుంటున్నాము.

మాకు నలభై రెండవ ఏట చక్కెర వ్యాధి బయటపడింది. అంతకు ముందు కొన్ని ఏండ్లుగా పళ్లు తోముకుంటే చిగుళ్ల నుండి రక్తము వచ్చేది. మా పళ్లు పుచ్చలేదు. చూచుటకు తెల్లగా, గట్టిగానే ఉండేవి. అయితే పునాది కదిలిన గోడవలె ఒక్కొక్కటే ఊగసాగాయి. దీనినే మన పెద్దలు పయోరియా అనేవారు. చిగుళ్ల జబ్బు ముదిరితే చక్కెర అదుపులో ఉండదు, చక్కెర అదుపు తప్పితే చిగుళ్ల జబ్బు ముదురుతుంది. ఈ రెండును ఒకదానికొకటి తోడు దొంగలని మాకు అప్పుడు తెలియదు. లవంగ నూనె పెట్టుకున్నాము, ఉప్పు నీళ్లు పుక్కిలించాము, వేప పుల్ల నమిలాము. నొప్పి కొంచెము తగ్గేది, జబ్బు తన పని తాను చేసుకుపోయేది.

డాక్టరు దగ్గరకు ఎందుకు పోలేదని మీరు అడుగవచ్చు. పై పన్ను పీకితే కంటి చూపు పోతుందని చిన్ననాటి నుండి విన్నాము. వేదాంత కళాశాలలో గ్రీకు భాష నేర్చుకున్న మేము ఈ మాటను మాత్రము పరీక్షించకుండ నమ్మాము. నిజమేమనగా, పంటికి పోయే నరము వేరు, చూపునిచ్చే నరము వేరు. పళ్లు ఊడే వయస్సును, అద్దాలు వచ్చే వయస్సును ఇంచుమించు ఒక్కటే గనుక మనవారు రెండింటిని ముడిపెట్టారు. ఆ భయముతో మేము గడిపిన నాలుగేండ్లలో, కాపాడుకొనదగిన పళ్లు కూడ పోయాయి. చివరకు మిగిలినవన్నియు విడతలు విడతలుగా తీయించుకొనవలసి వచ్చింది.

మన ప్రాంతములో పళ్లు పోవుటకు కారణములు లేకపోలేదు. మనది చెరుకు సీమ. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో వెలిసింది. ఆసియాలోనే పెద్ద ఫ్యాక్టరీ అని ఒకప్పుడు పేరు పొందింది. ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్ల వెనుక పరుగెత్తి గడలు లాగి, పండ్లతో చీల్చి నమిలిన బాల్యము మీలో ఎంతమందికి లేదు? 2015లో ఆ ఫ్యాక్టరీ మూతబడింది, తీపి మాత్రము మన ఇండ్లలో ఇంకా పెరిగింది. చాయలో చక్కెర, ఛాయతో బిస్కెట్టు, పిల్లల చేతిలో చాక్లెట్టు. ఇక మన తల్లులు ఎంతోమంది బీడీలు చుట్టి ఇల్లు నడిపినవారు. ఒళ్లో తంబాకు చాట పెట్టుకొని కూర్చున్నవారిలో కొందరికి నోట్లోను తంబాకు అలవాటైంది. కొందరు పొగాకు పొడితో పళ్లు తోముతారు, నొప్పి తగ్గుతుందని. మరికొందరు బొగ్గుతోను, ఇటుక పొడితోను రుద్ది పంటి మీది గట్టి పొరను అరగదీసుకుంటారు. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేమి అన్న సామెత ఊరకే పుట్టలేదు.

పళ్లు లేని బాధ ఈనాటిది కాదు. ప్రసంగి గ్రంథము పన్నెండవ అధ్యాయములో ముసలితనమును వర్ణించే చోట తిరగలి విసరువారు కొద్దిమందై పని చాలించుటను గూర్చి ఉన్నది. అది పళ్లను గూర్చిన మాటేనని వ్యాఖ్యానకర్తలు చాలామంది చెప్పుతారు. మనిషి దానికి ఉపాయము వెదకుట కూడ పాత సంగతే. జపాను దేశములో 1538లో మరణించిన ఒక బౌద్ధ సన్యాసిని చెక్కతో చెక్కిన పళ్ల కట్టు వాడినది. అది ఇప్పటికిని ఉన్నది. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1789లో పదవి చేపట్టే నాటికి ఆయన నోటిలో సొంత పన్ను ఒక్కటే మిగిలియున్నది. ఆయనవి చెక్క పళ్లని లోకము చెప్పుకుంటుంది గాని, నిజానికి అవి నీటి గుర్రపు దంతముతోను, మనుష్యుల పళ్లతోను, లోహముతోను చేసినవి. నోరు మూసుకొని ఉండుటయే ఆయనకు కష్టముగా ఉండేదట. పందొమ్మిదవ శతాబ్దము నడుమ గట్టి రబ్బరుతో కట్టు చేయుట వచ్చినది, అప్పుడు అవి సామాన్యులకు అందాయి. 1930ల చివర ఆక్రిలిక్ అనే ప్లాస్టిక్ వచ్చినది. చిగురు రంగులో ఉండే ఈనాటి సెట్టు ఎక్కువగా దానితో చేసినదే.

మన దేశములో మొదటి దంత వైద్య కళాశాలను డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ గారు 1920లో కలకత్తాలో స్థాపించారు. హైదరాబాద్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల 1959లో వచ్చింది. అనగా మన తాతలకు, అవ్వలకు పళ్లు పోతే పోయినట్టే. జొన్న రొట్టెను పచ్చి పులుసులో నానబెట్టుకొని మింగి కాలము గడిపారు. ఆ కాలములో బోసి నోరు ఉన్నందుకు ఎవరును సిగ్గుపడలేదు. ఇంట్లో ముసలివారందరి నోళ్లు ఒకే తీరుగా ఉండేవి గదా.

మా సంగతికి వస్తాము. చిగుళ్లు మానుటకు రెండు మూడు నెలలు ఆగుమన్నాడు డాక్టరు. ఆ నెలలు మాకు అరణ్యమువలె గడిచాయి. మన తెలుగు అక్షరములలో త థ ద ధ న అనువాటిని దంత్యములని ఎందుకు అన్నారో మాకు అప్పుడు బోధపడింది. నాలుక పోయి పంటిని తాకితేనే అవి పలుకుతాయి. పన్ను లేని నోటిలో 'తండ్రి' అన్న మాట గాలిగా పోయేది. 'దీవెన' అంటే వినువారికి మరేదో వినబడేది. 'నందిపేట్' అని మన ఊరి పేరే సరిగా పలుకలేకపోయాము. ప్రసంగములు సంఘ పెద్దలకు అప్పగించి, గొంతు బాగుగా లేదని సాకు చెప్పాము. అది అబద్ధమని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము.

అంతకంటె పెద్ద తప్పు మరొకటి జరిగింది. ఇండ్ల దర్శనమునకు వెళ్లినప్పుడు మీరు ప్రేమతో మక్క గారెలో సకినాలో పెట్టేవారు. మేము కడుపు నిండిందని తోసివేసేవారము. ఒక ఇంటిలో ఇంటాయన మేము గుమ్మము దాటగానే, "అయ్యగారికి ఈ నడుమ పెద్దరికం ఎక్కువైంది, మన ఇంట్ల ఏం ముట్టడు" అన్న మాట మా చెవిని పడింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నమలలేనని ఒక్క మాట చెప్పియుంటే ఆ తల్లి నాలుగు ఇడ్లీలు పెట్టేది. మా సిగ్గు ఆమె ప్రేమను త్రోసివేసింది.

ఇక సెట్టు ఎట్లు చేస్తారో కొంచెము చెప్పుతాము, ఎందుకంటే తెలియకపోవుట వలననే మనవారు భయపడుతున్నారు. ఇంచుమించు ఐదుసార్లు పోవలసి ఉంటుంది. మొదటిసారి మెత్తని ముద్దతో దవడల అచ్చు తీస్తారు. రెండవసారి మన నోటికే సరిపడే పళ్లెముతో ఇంకా సన్నని కొలత తీస్తారు. మూడవసారి మైనపు దిమ్మెలు పెట్టి, పై దవడ కింది దవడ ఏ ఎత్తున కలవాలో చూస్తారు. నాలుగవసారి మైనములో పళ్లు నిలిపి నోటిలో పెట్టి అద్దము చేతికిస్తారు. ఐదవసారి గట్టి సెట్టు ఇస్తారు. నాలుగవసారి ముఖ్యము. అప్పుడు సిగ్గుపడి తల ఊపకండి. ఇంటివారిని వెంట తీసుకొనిపొండి, మాట్లాడి చూడండి, పెదవి ఎట్లు ఉన్నదో చూడండి. మైనములో ఉన్నంతవరకే సులువుగా మార్చగలరు. అంగడి రోజున రోడ్డు పక్క కూర్చుండి, ఒక్క పూటలో పన్ను కడతామని, ఉన్న పళ్లకు తీగ చుట్టి ప్లాస్టిక్ ముద్ద అతికించేవారి దగ్గరకు పోకండి. దాని కింద కూడు చేరి కుళ్లి, మంచి పళ్లు కూడ పోతాయి.

సెట్టు వచ్చిన రోజున మేము గంతులు వేసినంత పని చేశాము. ఇంటికి వచ్చేసరికి ఆ సంతోషము పోయింది. నోటిలో రాయి పెట్టుకున్నట్టు ఉన్నది. ఉమ్మి ఊరుతూనే ఉన్నది. నోటికి ఏదో తినే వస్తువు వచ్చిందనుకొని అది ఊరుతుందట, కొన్ని రోజులకు తగ్గుతుంది. పై సెట్టు వెనుక అంచు తగిలి వాంతి వచ్చినట్టయ్యేది. మూడవ రోజుకు కింద చిగురు ఒకచోట ఒరుసుకొని పుండయింది. మా ఇంటావిడ ఇడ్లీ పెడితే అది కూడ గడ్డివలె తోచింది, అంగిలి కప్పబడి యున్నది గనుక రుచి, వేడి సరిగా తెలియలేదు. దానిని తీసి డబ్బాలో పెట్టి, ఇక దీని ముఖము చూడనన్నాము.

ఆ పుండును గూర్చి ఒక మాట. మన జిల్లా డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారు కుష్ఠు రోగుల కొరకు ఆస్పత్రి నెలకొల్పిన సంగతి మీరెరుగుదురు. ఆ రోగులకు కాలికి ముల్లు గుచ్చుకున్నా నొప్పి తెలియదు, అందువలననే పుండ్లు ముదురుతాయి. నొప్పి లేకపోవుటయే వారి కష్టము. మన చిగురు నొప్పి మాత్రము, సెట్టు ఎక్కడ ఒత్తుతున్నదో చూపించే వేలు వంటిది. డాక్టరు ఆ గుర్తు చూచి సరిగ్గా అక్కడనే కొంచెము రాస్తాడు. అయితే ఒక షరతు. పోయే ముందు రోజు సెట్టు పెట్టుకొని ఉండాలి. పుండు మానిన తరువాత పోయి ఇక్కడెక్కడో నొప్పి లేచింది అంటే ఆయన ఏమి చేయగలడు? ఇంట్లో బ్లేడుతో, ఆకురాయితో మీరే రాయకండి. విరిగితే ఫెవిక్విక్‌తో అతికించకండి. ఇంత చెప్పుచున్నాము గనుక, ఈ పనులు చేసినవారు ఈ కూడికలోనే ఉన్నారని మాకు తెలుసునని మీకు అర్థమై ఉంటుంది.

మాట కొరకు ఒక ఉపాయము చేశాము. తెల్లవారుజామున శ్రీరాంసాగర్ నీళ్ల ఒడ్డుకు పోయి కీర్తనల గ్రంథము బిగ్గరగా చదివేవారము. కొంగలు, చేపలు పట్టేవారు తప్ప వినువారు లేరు. మొదటి వారము స అంటే ఈల వచ్చేది. రెండవ వారానికి నాలుక కొత్త పంటిని వెదకి పట్టుకున్నది. నెల దాటినాక మా మాట మాకే తిరిగి వచ్చినట్టు తోచింది. మళ్లీ ప్రసంగ పీఠమెక్కాము.

అక్కడ మా గర్వమును ప్రభువు చక్కగా దించాడు. ఒక ఆదివారము ఆశీర్వాదము పలుకుతూ స్వరము పెంచి నోరు బాగా తెరువగానే పై సెట్టు జారింది. చేతితో పట్టుకొని వెనుకకు తిరిగి సరిచేసుకున్నాము. ముందు వరుసలో పిల్లలు కిలకిల నవ్వారు, పెద్దలు తల వంచుకొని నవ్వారు. ఆ పగలు అన్నము తినక పడుకున్నాము. సాయంత్రము ఒక తల్లి వచ్చింది. ఆమె పేరు చెప్పము. ఆమె అనుమతితోనే ఈ సంగతి చెప్పుచున్నాము.

ఆ తల్లి ఆరు నెలలుగా ప్రభు భోజనమునకు రాలేదు. ప్రేమవిందునకు రాలేదు. మేము ఒకసారి ఆమె ఇంటికి పోయి, సంఘముగా కూడుకొనుట మానవద్దని కొంచెము కఠినముగానే మందలించాము. ఆమె కొంగు నోటికి అడ్డము పెట్టుకొని ఒక్క మాట అనక కూర్చున్నది. విశ్వాసములో చల్లారిందని మేము అనుకున్నాము. ఆ సాయంత్రము ఆమె నవ్వుతూ వచ్చి, "అయ్యగారూ, మీకు గూడ జారుతదా?" అన్నది.

తరువాత మెల్లగా చెప్పింది. ఆమె కొడుకు దుబాయిలో పని చేస్తాడు. తల్లి బోసి నోటితో ఉండవద్దని డబ్బు పంపి పళ్లు కట్టించాడు. పళ్లు తీసిన కొద్ది రోజులకే తొందరగా కట్టించుకున్నది. చిగుళ్లు ఎండి దవడ తగ్గగానే సెట్టు వదులైంది. "రొట్టె ముక్క నోట్లె పెట్టుకుంటే సెట్టు కిందికి పోతది అయ్యగారూ. బల్ల కాడ తీసి కడుగరాదు, అందరు సూస్తరు. తీయకుంటే మింగరాదు. ప్రభువు రొట్టె నోట్లెకెల్లి కింద పడితే పాపం కాదా?" అన్నది.

"మరి సెట్టు తీసి రావచ్చు గదమ్మా" అన్నాము.

"బోసి నోటితోని ఎట్ల వస్త? కొడుకు ఎండల కష్టపడి పైసలు పంపితే ముసల్ది డబ్బల పెట్టింది అని వానికి తెలుస్తది. వాడు ఫోన్‌ల అడిగితే, మంచిగున్నయి బిడ్డా, బొక్కలు గూడ కొరుకుతున్న అని చెప్పిన" అన్నది.

ప్రియులారా, ఆ మాట విని మేము ఏమి జవాబు చెప్పగలము? కొడుకు మనసు నొప్పించకూడదని తల్లి అబద్ధమాడింది. తన సిగ్గు దాచుకొనుటకు కాపరి అబద్ధమాడాడు. ఆ తల్లి ఆరు నెలలు వెనుక గదిలో ఒంటరిగా తిన్నది. ఆమె నోటిలో ఏమున్నదో అడుగక ఆమె విశ్వాసమును కొలిచిన వారము మేము. ఆ సాయంత్రము మేము ఆమెను క్షమాపణ అడిగాము.

ఆ వారమే మా ఇంటావిడ ఆమెను వెంటబెట్టుకొని నిజామాబాద్ పోయింది. కొత్త సెట్టు అవసరము లేదని, ఉన్నదానికే లోపల పూత వేసి చిగుళ్లకు సరిచేయవచ్చునని అక్కడ చెప్పారు. పన్ను తీసిన తరువాత దవడ ఎముక కరుగుతుంది, మొదటి సంవత్సరములో ఎక్కువగా, తరువాత బ్రతికినంతకాలము కొద్దికొద్దిగా. అందుకే ఒకసారి కట్టించుకున్న సెట్టు ఎల్లకాలము సరిపోదు. ఏడాదికొకసారి చూపించుకోవాలి. ఐదు నుండి పదేండ్లలోపల మార్చవలసి రావచ్చు. పై సెట్టు అంగిలిని అంతయు కప్పి, ఉమ్మి తడితో అంటుకొని నిలుస్తుంది. కింది సెట్టుకు గుర్రపు నాడా అంత చోటే, పైగా నాలుక దానిని ఎప్పుడును కదుపుతూ ఉంటుంది. అందుచేత ఎవరికైనను కిందిదే ఎక్కువ కష్టము పెడుతుంది.

ఇప్పుడు ఆమె పళ్లు పూర్తిగా బాగున్నవని చెప్పము. పై సెట్టు బాగా నిలిచింది. కిందిది ఇంకను సతాయిస్తున్నది. ఇంట్లో తినేటప్పుడు దానిని తీసి పక్కన పెడుతుంది, ఎవరున్నను దాచుకొనదు. కొడుకుకు ఫోనులో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "ముందే చెప్పకపోతివి అమ్మా" అని వాడు ఏడ్చాడట. ప్రభు భోజనములో, అడిగినవారికి రొట్టెను పాత్రలో ముంచి మెత్తగా ఇస్తున్నాము. ఆమె అడిగిన తరువాత మరి నలుగురు అడిగారు. అంతవరకు వారెట్లు మింగారో మేము ఎరుగము.

ఇక మీలో సెట్టు కట్టించుకొనువారికి మా అనుభవములో నుండి కొన్ని మాటలు.

సెట్టును సొంత పళ్లతో పోల్చకండి. దాని కొరుకుడు బలము సొంత పళ్ల బలములో నాలుగవ వంతు ఉంటే గొప్ప. అది చేతికర్ర వంటిది. కర్రతో నడువగలము, పరుగు పందెమునకు పోలేము. అలవాటు కావడానికి ఆరు నుండి ఎనిమిది వారములు ఓపిక పట్టండి. మొదటి వారము అంబలి, గటక, మెత్తని పప్పన్నము. తరువాత ఇడ్లీ, ఉడికిన కూరగాయ, గుడ్డు. ఆ తరువాత రొట్టె, కూరలో నానినది. చిన్న ముక్క చేసి, రెండు దవడల మీద సమముగా పెట్టి నిదానముగా నమలండి. ఒక్క పక్కనే నమిలితే రెండవ పక్క లేస్తుంది. ముందు పళ్లతో కొరకకండి, మక్క కంకి అయితే గింజలు ఒలుచుకొని, ఉడికించి తినండి. సకినము మేము ఇప్పటికిని చాయలో ముంచుకొనే తింటాము. దానిలో అవమానమేమియు లేదు. వేడి చాయ మాత్రము జాగ్రత్త, అంగిలికి వేడి తెలియదు గనుక గొంతు కాలుతుంది.

రాత్రి తీసి నీళ్లలో వేయండి, చిగుళ్లకు విశ్రాంతి కావాలి. పడుకునేటప్పుడు కూడ పెట్టుకున్నవారికి అంగిలి ఎర్రబడి నోట్లో ఒక విధమైన బూజు పుండు లేస్తుంది. మరిగే నీళ్లు పోయకండి, సెట్టు వంకరపోతుంది. పళ్లపొడితోను, బొగ్గుతోను రుద్దకండి, గీతలు పడి వాటిలో మురికి చేరుతుంది. మెత్తని బ్రష్షు, కొంచెము సబ్బు చాలు. కింద ఒక తట్టలో నీళ్లు పెట్టి దానిపైన పట్టుకొని కడగండి. మేము మొదటి నెలలోనే బండ మీద జారవిడిచి ఒక పన్ను పోగొట్టుకున్నాము. మెత్తని బట్టతో చిగుళ్లను, నాలుకను కూడ తుడువండి.

నోటిలో పుండుగాని, తెల్ల మచ్చగాని, ఎర్ర మచ్చగాని రెండు వారములకు మానకపోతే, సెట్టు ఒరిసిందిలే అని ఊరుకొనవద్దు. తంబాకు వాడినవారు మరీ జాగ్రత్త. అది క్యాన్సర్ కావచ్చును. తొందరగా చూపించుకుంటే ప్రాణము దక్కుతుంది.

డబ్బు లేనివారు సిగ్గుపడకండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నది. దంత వైద్య కళాశాలలలో విద్యార్థులు గురువుల కనుసన్నలలో పని చేస్తారు. ఖర్చు తక్కువ, తిరుగుడు ఎక్కువ. బస్సులో తోడు వచ్చేవారు కావాలంటే మన యౌవనస్థులు ఉన్నారు. వారిని అడగండి.

ఇప్పుడు పళ్లున్న వారితో ఒక మాట. ప్రేమవిందులో మాంసము పెద్ద ముక్కలు కొడితేనే గొప్ప అనుకొనవద్దు. చిన్నగా కొట్టి, బాగా ఉడికించండి. ముసలివారి పంక్తికి వేరే కుండ పెట్టి వారిని వేరు చేయకండి, అందరిదీ మెత్తగా వండండి. ఎవరైనను నిదానముగా తింటుంటే ఆకు ఎత్తుటకు తొందరపడకండి. పక్కవారు లేచిపోగా ఒక్కరే కూర్చుండి నమలుట ఎంత బరువో మేము ఎరుగుదుము. ఇంట్లో అత్తనో తండ్రినో సెట్టు ఎందుకు పెట్టుకోవు అని గద్దించక, ఎక్కడ నొస్తున్నది అని అడగండి. పిల్లలారా, నోటిలో నుండి సెట్టు జారితే నవ్వు వస్తుంది, నవ్వండి. మీరు ఆ ఆదివారము నవ్వకపోతే ఆ తల్లి మా ఇంటికి వచ్చేది కాదు. కాని నవ్విన తరువాత దగ్గరకు వచ్చి చేయి పట్టుకొండి. రాత్రి పళ్లు తోముకొని పడుకొండి కూడ.

వంద సంవత్సరముల క్రితము ఈ ప్రాంతమున మన పితరులు ఒకే పంక్తిలో కూర్చుండి తినుట నేర్చుకున్నారు. ఎవరి చేతి నీళ్లు ఎవరు త్రాగాలో లెక్క ఉన్న దినములలో అది చిన్న సంగతి కాదు. వారు కట్టిన పంక్తిలో నుండి ఎవరైనను నోటిలో నాలుగు పళ్లు లేనందుకు లేచిపోయి వెనుక గదిలో కూర్చుంటే, ఆ ఖాళీని గమనించవలసిన వారము మనమే. ఆరు నెలలు గమనించక మేము తప్పిపోయాము. మీరు అట్లు తప్పిపోవద్దు.

ఈ కూడిక ముగిసిన తరువాత చాయ ఉన్నది, సకినాలు ఉన్నవి. మేము ముంచుకొని తింటాము. మాతో కూర్చొని ముంచుకొనదలచిన పెద్దలందరికి మా పక్కన చోటున్నది.

ప్రభువు మీకందరికి తోడైయుండును గాక. ఆమేన్.